ఊ కొట్టని నిమిషం

2005 జూన్‌లో, రేపల్లె మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరుగా ఉన్న నన్ను డెప్యుటేషన్ మీద తెనాలికి పంపారు. ఉత్తర్వులో నా హోదా ‘మాపన పరిశీలకుడు’ అని ఉంది. అలాంటి పోస్టు శాఖలో అంతకుముందు లేదు, ఆ తరువాతా లేదు. జీతం పాతదే. కుర్చీ మాత్రం మండల రిసోర్స్ సెంటర్లో జిరాక్సు మిషను పక్కన వేశారు. మిషను పనిచేసే రోజుల్లో వేడిగా ఉండేది, పనిచేయని రోజుల్లో దాన్ని బాగుచేసేవాళ్ళు నా కుర్చీలో కూర్చునేవారు.

నన్నే ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. నాకు గణితంలో పట్టా లేదు. ఇంటర్ తరువాత టీచర్ ట్రైనింగ్ చేశాను, అంతే. అయితే సగటు, మధ్యగతం, విచలనం వంటివి తెనాలిలో పాత పుస్తకాల కొట్టులో దొరికిన పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్సు సమావేశాల్లో ఎవరి హాజరు శాతం తప్పుగా ఉన్నా నేను చెప్పేవాణ్ణి. దీనివల్ల నాకు స్నేహితులు తగ్గి, డెప్యుటేషన్ వచ్చింది.

పని ఇది. ఒక స్వచ్ఛంద సంస్థ మా శాఖతో కలిసి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో కొన్ని బడులు తీసుకుని ‘పాఠ్యాంశ ఆధారిత మాపనం’ అనే పద్ధతిని రెండేళ్ళు నడిపి చూడాలనుకుంది. పేరు బరువుగా ఉన్నా పద్ధతి తేలిక. పిల్ల ముందు ఆ తరగతి వాచకం స్థాయిలో, అంతకుముందు చదవని ఒక పేరా పెట్టాలి. ఒక నిమిషం పైకి చదివించాలి. సరిగా చదివిన మాటలు లెక్కపెట్టి, ఆ సంఖ్యను గ్రాఫ్ కాగితం మీద చుక్కగా పెట్టాలి. వారానికి ఒక చుక్క.

మూడు నెలల పరీక్షకు ఒక ఇబ్బంది ఉంది. పిల్లకు పాఠం రాలేదని అది చెప్పేసరికి ఆ పాఠం అయిపోయి ఉంటుంది. వారం వారం చుక్క పడితే ముందే తెలుస్తుంది. సంవత్సరం మొదట్లో మూడు పేరాలు చదివించి మధ్య సంఖ్యను తీసుకుంటాం. అక్కడి నుంచి సంవత్సరం చివరికి పిల్ల చేరవలసిన చోటికి స్కేలుతో గీత గీస్తాం. దాని పేరు లక్ష్యరేఖ. వరసగా నాలుగు చుక్కలు ఆ గీతకు కింద పడితే బోధన మార్చాలి. పిల్లను తిట్టకూడదు, ఇంటికి కబురు పెట్టకూడదు, చెప్పే తీరు మార్చాలి. ఈ నియమం నాకు నచ్చింది. మా ఉద్యోగంలో తప్పు పిల్లది కాదని కాగితం మీద రాసి ఉండటం అదే మొదటిసారి చూశాను.

మిగిలిన నియమాలు బాపట్లలో జరిగిన శిక్షణలో చెప్పారు. శిక్షణ ఇచ్చినావిడను అందరం మేడమ్ అనేవాళ్ళం. ఆ సంస్థ తరఫున మూడు ప్రాంతాలకూ సమన్వయకర్త. స్టాప్‌వాచీ ఎలా నొక్కాలి, ఏది తప్పుగా పరిగణించాలి, ఏది కాదు అన్నీ వివరంగా చెప్పారు. పిల్ల ఒక మాటను తప్పుగా చదివి తానే దిద్దుకుంటే తప్పు కాదు. చదివిందే మళ్ళీ చదివితే తప్పు కాదు, కాని నిమిషం ఆగదు. మూడు సెకన్లు ఆగిపోతే తరువాతి మాట మనమే చెప్పి, ఆ మాటను తప్పుగా గుర్తించాలి. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, కొలిచేవాళ్ళు నోరు మెదపకూడదు. తల ఆడించకూడదు. బాగుందనీ బాగాలేదనీ మొహం చెప్పకూడదు.

ఈ చివరి నియమం దగ్గర సాంబయ్య మాస్టారికి ఇబ్బంది వచ్చింది. ఆయన బాపట్ల దగ్గర ఒక బడిలో హెడ్మాస్టరు, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. ఎవరు ఏం చెప్పినా ఊ కొడుతూ వినడం ఆయన అలవాటు. శిక్షణలో ఒకరు పిల్లలా చదువుతుంటే ఆయన వాక్యానికి ఒకసారి ఊ అంటున్నారు.

“సార్, ఆ ఊ అనేది వద్దండి,” అన్నారు మేడమ్.

“ఊ,” అన్నారు సాంబయ్య గారు.

రెండో రోజుకు కొంత తగ్గింది. మూడో రోజు సర్టిఫికెట్లు ఇచ్చారు.

ఇక అసలు సంగతి. వేమూరు వైపు కాలువ గట్టు మీద ఉన్న ఒక ఊళ్ళో ఇద్దరు టీచర్ల బడి మా ప్రయోగంలో ఉంది. ఊరి పేరు రాయడం లేదు. అక్కడ కొలిచేది సుజాత టీచర్. చేతిరాత చక్కగా ఉండేది, కాగితాలు ప్రతి శనివారం తెనాలికి అందేవి. అయిదో తరగతిలో నాగేశ్వరి అనే పిల్ల గ్రాఫు నా దృష్టిలో పడింది. చుక్కలన్నీ ముప్పైకి అటూ ఇటూ ఉన్నాయి. లక్ష్యరేఖ పైకి పోతోంది, చుక్కలు నేల మీద నడుస్తున్నాయి. నాలుగు చుక్కల నియమం ప్రకారం బోధన ఒకసారి మార్చారు. మళ్ళీ నాలుగు చుక్కలు. మళ్ళీ మార్చారు. మార్పు లేదు.

సెప్టెంబరులో నేనే వెళ్ళి కొలిచాను. ఇరవై తొమ్మిది వచ్చింది. సుజాత టీచర్ కొలతలో లోపం లేదని తేలింది.

“ఆ పిల్ల చదువుతుందండి మాస్టారూ,” అన్నదావిడ.

చదివితే చుక్క పైకి రావాలి కదా అన్నాను.

“మరి చుక్క సంగతి నాకు తెలియదండి. పిల్ల సంగతి చెబుతున్నాను,” అన్నది.

నేను తప్పులు ఎక్కడ పడుతున్నాయో పాత కాగితాలన్నీ పరిచి చూశాను. నాగేశ్వరి తప్పులు వింతగా ఉన్నాయి. ఒత్తులున్న మాటలు, పొడుగు మాటలు తప్పు లేకుండా చదివింది. తప్పులన్నీ వాక్యంలో మొదటి మాట మీదే పడ్డాయి. ‘అది’, ‘ఒక’, ‘రాజు’ వంటివి. దీన్ని మేడమ్‌కు నివేదించాను. ఆవిడ ఆలోచించి, వాక్యం మొదట్లో వచ్చే మాటల మీద ప్రత్యేక అభ్యాసం చేయించమన్నారు. సుజాత టీచర్ అట్టముక్కల మీద ఆ మాటలు రాసి రోజూ చూపించేది. నాగేశ్వరి రోజూ చదివేది. అలా అయిదో తరగతి పిల్ల ‘అది’ అనే మాటను నెల రోజుల పాటు అభ్యాసం చేసింది. చుక్క కదల్లేదు.

నవంబరులో జత కొలతలు వచ్చాయి. కొలిచేవాళ్ళ లెక్క సరిగా ఉందో లేదో చూడటానికి వేరే ప్రాంతం నుంచి మరో మనిషి వచ్చి పక్కన కూర్చుని విడిగా లెక్కవేస్తారు. ఇద్దరి సంఖ్యలూ కలవాలి. కాలువ గట్టు బడికి సాంబయ్య గారు వెళ్ళారు. శనివారం కాగితాలు వచ్చాయి. నాగేశ్వరికి సుజాత టీచర్ అరవై రెండు వేసింది, సాంబయ్య గారు అరవై ఒకటి. రెండు లెక్కలూ చక్కగా కలిశాయి. సంఖ్య మాత్రం నమ్మేలా లేదు.

ఒక పిల్ల ఒక్క వారంలో రెండింతలు చదవదు. ముందు వాచీని అనుమానించి తెప్పించి రేడియో సమయంతో సరిచూశాను. సరిగానే ఉంది. పేరా తేలికైందేమో అనుకుంటే, అదే పేరా చదివిన మిగతా పిల్లల సంఖ్యలు ఎప్పటిలాగే ఉన్నాయి. కూడికలు మళ్ళీ వేశాను. ఆ రోజు ఏమైనా తేడాగా జరిగిందా అని సుజాత టీచర్ని అడిగితే, ఏమీ లేదండి, సాంబయ్య గారికి మజ్జిగ ఇచ్చాం అన్నది. సాంబయ్య గారిని అడిగితే తానేమీ చేయలేదన్నారు.

తరువాతి వారం ఇరవై ఏడు వచ్చింది.

మేడమ్ ఆ చుక్కను కొట్టేయమన్నారు. ఆవిడ మాటకు ఆధారం ఉంది. పొంతన లేని ఒక్క కొలతను పక్కన పెట్టడం పద్ధతిలో ఉన్నదే. నేను కొట్టేయకుండా దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాను. ఎందుకొచ్చిందో తెలియని సంఖ్యను చెరిపేస్తే, ఎందుకొచ్చిందో ఇక ఎప్పటికీ తెలియదు.

డిసెంబరులో జాబితా తయారు చేయాలి. లక్ష్యరేఖకు బాగా కింద ఉన్న అయిదో తరగతి పిల్లలను సంక్రాంతి సెలవుల తరువాత పక్క ఊరి కాంప్లెక్సు బడిలో ‘పునాది తరగతి’కి పంపాలని నిర్ణయం. అక్కడ ఒకటో తరగతి వాచకం నుంచి మళ్ళీ మొదలు. ఆ తరగతి పూర్తయ్యేదాకా ఆరో తరగతిలో చేర్చుకోరు. ఉద్దేశం మంచిదే. నాగేశ్వరి పేరు జాబితాలో పైనుంచి మూడోది.

తల్లిదండ్రుల సంతకం కావాలి. నాగేశ్వరి తల్లి పూర్ణ సంతకం పెట్టలేదు. బడికి వచ్చి సుజాత టీచరు ముందు, నా ముందు నిలబడి చెప్పింది.

“పక్కూరు పంపితే మా పిల్ల పోదండి. ఒకటో తరగతి పుస్తకం మళ్ళీ చేతికిస్తే అది ఊళ్ళో తలెట్టా ఎత్తుకుంటది? ఆ చదువు కాడికి అయితే నాతో పాటు ఆకులు కట్టుకుంటది. తోటాయన అడగనే అడుగుతున్నాడు. ఏదో ఒకటి తేల్చి చెప్పండి, పని మానుకుని వచ్చాను.”

ఆలోచించుకోమని చెప్పాను. ఆలోచించుకోవలసింది మీరేనండి అని వెళ్ళిపోయింది. జాబితా పంపడానికి రెండు వారాల గడువుంది. సంతకం లేకుండా పంపితే వెనక్కి వస్తుంది. మూడో రోజు బడి వదిలాక నేనే ఆమె పని చేసే చోటికి వెళ్ళాను.

తమలపాకు తోట పక్కన తాటాకు పాక. కోసిన ఆకులను తడి గోనెల మీద పోశారు. అయిదారుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని చిన్నాకు, పెద్దాకు వేరు చేసి, దొంతి పేర్చి, అరటినారతో కట్టలు కడుతున్నారు. చేతులు ఖాళీ లేవు, కళ్ళు ఆకుల మీద ఉన్నాయి. మధ్యలో బోర్లించిన గంప మీద కూర్చుని నాగేశ్వరి వారపత్రిక సీరియల్ చదువుతోంది.

నేను పాక బయటే ఆగాను. పిల్ల గడగడా చదువుతోంది. వాక్యం ముగియగానే అరక్షణం ఆగుతుంది. వరసలోంచి ఎవరో ఒకరు “ఊ” అంటారు. వెంటనే తరువాతి వాక్యం అందుకుంటుంది. ఇంతలో ఇద్దరాడవాళ్ళకు ఒక దొంతిలో పెద్దాకు కలిసిందని మాటామాటా వచ్చింది. ఎవరూ ఊ అనలేదు. నాగేశ్వరి ఆగింది. కాసేపు చూసింది. చదివిన వాక్యాన్నే మళ్ళీ మొదటినుంచి చదివింది. సీరియల్లో లాయరు గొడుగు తీసుకుని గుమ్మం దిగుతున్నాడు.

“ఇందాకే దిగాడు కదే,” అన్నది పూర్ణ.

“దిగితే ఊ అనొచ్చుగా,” అన్నది నాగేశ్వరి.

“ఊ అను అత్తా, లేకపోతే ఆ లాయరు ఇయ్యాల్టికి వీధిలోకి రాడు,” అన్నది ఇంకొకామె పెద్దావిడతో.

“ఊ, ఊ. దిగాడు. పోనీ ఇంక,” అన్నది పెద్దావిడ.

లాయరు వీధిలోకి వచ్చాడు.

జేబులో వాచీ ఉంది. ఒక నిమిషం నొక్కి మాటలు లెక్కపెట్టాను. ఆ సంఖ్య ఇక్కడ రాయడం లేదు. వారపత్రిక సీరియల్ అయిదో తరగతి స్థాయికి సరిచూసిన పేరా కాదు కనుక ఆ కొలత చెల్లదు. కాని ఇరవై తొమ్మిది కాదు.

జరుగుతున్నదేమిటో అప్పుడు వరసగా అర్థమైంది. బడిలో నాగేశ్వరి ఒక వాక్యం చదివి ఆగుతోంది, ఊ కోసం. నియమం ప్రకారం మేము బొమ్మల్లా కూర్చుంటాం. మూడు సెకన్లు గడుస్తాయి. తరువాతి వాక్యంలో మొదటి మాట మేమే చెప్పి, దాన్ని తప్పుగా గుర్తిస్తాం. ఊ రాకుండా ఏదో మాట వచ్చిందంటే వింటున్నవాళ్ళకు కథ తెగిపోయిందని ఆ పిల్ల లెక్క. అందుకని వాక్యం మళ్ళీ చదువుతుంది. నిమిషం మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆ రోజు సాంబయ్య గారు తనకు తెలియకుండానే ఊ కొట్టి ఉంటారు. సుజాత టీచరుకు అది ఫ్యాను చప్పుడులా చెవికెక్కి ఉండదు.

పూర్ణ నన్ను చూసి, సంతకం కోసం వస్తే పెట్టనండి అన్నది. సంతకం అక్కర్లేదు, పిల్ల ఎప్పటినుంచి ఇలా చదువుతోంది అని అడిగాను. మూడో తరగతి నుంచి అన్నది. ఈ సీరియల్ కాక ఇంకోటి కూడా నడుస్తోందట.

ముందు తేలికైన మార్గం చూశాం. మర్నాడు సుజాత టీచర్ పిల్లను పిలిచి, ఇక్కడ ఎవరూ ఊ అనరు, ఆగకుండా చదివెయ్యి అని చెప్పింది.

“మరి మీరు ఇంటన్నట్టు నాకెట్టా తెలుసుద్దండి టీచర్?” అన్నది నాగేశ్వరి.

వింటూనే ఉంటామని చెప్పాం. పిల్ల సరేనంది. కాని ప్రతి వాక్యం చివర తల ఎత్తి మా మొహాల్లోకి చూసింది. మా మొహాల్లో నియమం ప్రకారం ఏమీ లేదు. ముప్పై అయిదు వచ్చింది.

రేపల్లెలో జరిగిన నెలవారీ సమావేశంలో విషయం పెట్టాను. తెనాలి నుంచి రైల్లో వెళ్తూ కాగితాలన్నీ వరస పెట్టుకున్నాను. మేడమ్ సాంతం విన్నారు. ఆవిడ అడిగినవి సరైన ప్రశ్నలే. ఊ అనేది సాయం కాదా? ఒక పిల్లకు సాయమిచ్చి ఇంకో పిల్లకు ఇవ్వకపోతే రెండు కొలతలు ఎలా పోలుస్తాం? రేపు ఇంకో టీచరు తల నిమిరితే బాగా చదువుతుందంటే ఏం చేస్తాం?

సాయమైతే అందరికీ పెరగాలి కదా అన్నాను. అయిదో తరగతి మొత్తాన్ని తీసుకుందాం. ఒక్కొక్కరికి ఆరు పేరాలు, ఒకటి మౌనంగా, ఒకటి ఊ కొడుతూ, మార్చి మార్చి. మౌనం మూడింటిలో మధ్యది, ఊ మూడింటిలో మధ్యది తీసుకుందాం. అందరికీ పెరిగితే ఊ సాయం, నియమం ఉండాల్సిందే, పిల్ల పునాది తరగతికి పోతుంది. ఆ ఒక్క పిల్లకే పెరిగితే మనం కొలిచింది చదువును కాదు.

మేడమ్ కాసేపు కాగితం చూసి, “ఊ ఎవరంటారు?” అన్నారు.

అందరూ సాంబయ్య గారి వైపు చూశారు.

“మీరే వద్దన్నారు కదండి మేడమ్,” అన్నారాయన.

“ఇప్పుడు కావాలండి.”

“ఊ,” అన్నారు సాంబయ్య గారు.

ఊ ఎలా ఉండాలో కూడా మేడమ్ రాయించారు. వాక్యం చివర ఒక్కటే, ఒకే స్థాయిలో, మెచ్చుకోలు లేకుండా. సాంబయ్య గారు బాపట్ల నుంచి ఉదయం బస్సులో వచ్చి ఆ రోజంతా శాఖ అనుమతితో ఊ కొట్టారు. మధ్యాహ్నానికి గొంతు పట్టేసింది. పిల్లల్లో చాలామందికి సంఖ్య మారలేదు. ఒకరిద్దరికి నవ్వొచ్చి తగ్గింది. నాగేశ్వరికి మౌనంలో ముప్పై మూడు, ఊతో అరవై మూడు.

మేడమ్ ఒప్పుకోలేదు. వేరే పేరాలతో మళ్ళీ చేయమన్నారు, ఈసారి తాను వచ్చి కూర్చున్నారు. తేడా అంతే వచ్చింది. ఆవిడ నాగేశ్వరిని దగ్గరకు పిలిచి, ఏం చదివావో చెప్పమన్నారు. నాగేశ్వరి చెప్పడం మొదలుపెట్టింది. రెండో వాక్యం దగ్గర ఆగి మేడమ్ మొహంలోకి చూసింది. మేడమ్ కాసేపు అలాగే ఉండి, తరువాత ఊ అన్నారు. పిల్ల మిగతాదంతా చెప్పేసింది.

జాబితాలో మూడో పేరు ఆవిడే కొట్టేసి, పక్కన కారణం రాసి సంతకం చేశారు. నవంబరు చుక్క చుట్టూ నేను చుట్టిన పెన్సిలు సున్నాను ఇంకుతో దిద్దమన్నారు. మౌనం నియమం మాత్రం తీయలేదు. తీయకూడదు కూడా. జాబితాలో మిగిలిన పేర్ల విషయంలో మాపనం పొరబడలేదు. వాళ్ళకు నిజంగానే అక్షరాలు తడబడుతున్నాయి. పునాది తరగతికి వెళ్ళినవాళ్ళలో చాలామంది తేరుకుని వచ్చారు. ఆ నాలుగు చుక్కలు లేకపోతే వాళ్ళ సంగతి ఎవరికీ పట్టేది కాదు.

సుజాత టీచర్ అట్టముక్కలు ఒకటో తరగతికి ఇచ్చేసింది. కూలికి తన పిల్ల బదులు వేరే మనిషిని చూసుకోమని పూర్ణ తోటాయనకు చెప్పిందట. జూన్‌లో నాగేశ్వరి ఆరో తరగతిలో చేరింది.

ప్రయోగం రెండేళ్ళకు ముగిసింది. నేను మళ్ళీ బడికి వెళ్ళాను, కొన్నేళ్ళకు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. మధ్యలో ఎక్కడ ఈ పద్ధతి మీద శిక్షణ ఇవ్వమన్నా, మొదటి కొలతకు ముందు పిల్లను ఒక ప్రశ్న అడగమని చెప్పేవాణ్ణి. ఇంటి దగ్గర నువ్వు ఎవరికి చదివి వినిపిస్తావు? ఎక్కువమంది ఎవరికీ లేదండి అనేవారు. అది కూడా రాసుకోమనేవాణ్ణి.

ఈ సంఘటన వల్ల నేను నేర్చుకున్నది లెక్కకు సంబంధించినది. కొలిచేవాడి మౌనాన్ని మేము సున్నా అనుకుని లెక్క మొదలుపెట్టాం. అది సున్నా అని ఎవరూ కొలిచి చూడలేదు. చాలామంది పిల్లల దగ్గర అది సున్నాయే. ఒక పిల్ల దగ్గర నిమిషానికి ముప్పై మాటలు.